ఎర్ర చేతిబండి, 99 ఫోన్లు: ఇది కళా, కోతి చేష్టా?

రంగుల_టీచర్ | శనివారం రాత్రి 9:14

నేను హైదరాబాద్‌లో ఒక కాలేజీలో డ్రాయింగ్ చెప్తాను. మొన్న క్లాసులో ఓ వీడియో చూపిస్తే పిల్లలు రెండు వర్గాలుగా చీలి కొట్టుకున్నంత పని చేశారు. ఇక్కడ పెడితే ఇంకెన్ని వర్గాలు తేలతాయో చూద్దామని రాస్తున్నాను.

బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అని ఒక ఆర్టిస్టు. 2020 ఫిబ్రవరి మొదట్లో ఆ వీడియో బయటికొచ్చింది. చిన్న ఎర్ర చేతిబండి, చంటిపిల్లని కూర్చోబెట్టి లాగేంత సైజు. దాన్నిండా 99 సెకండ్ హ్యాండ్ స్మార్ట్‌ఫోన్లు. అన్నిట్లోనూ గూగుల్ మ్యాప్స్ నడుస్తోంది. ఈయన ఆ బండి లాక్కుంటూ, సాయంత్రం పాలప్యాకెట్‌కి బయల్దేరినంత తాపీగా, ఖాళీ రోడ్డు మీద నడుస్తుంటాడు. గూగుల్ వాళ్ల బెర్లిన్ ఆఫీసు ముందు కూడా నడిచాడు. తెర మీద ఓ పక్క వీధి, ఇంకో పక్క మ్యాప్. మ్యాప్‌లో పచ్చగా ఉన్న గీత కాసేపటికి ఎర్రబడుతుంది. వీధిలో చూస్తే ఒక మనిషి, ఒక బండి. మ్యాప్ లెక్కలో పెద్ద జామ్.

ఈ పనికి ఆయన పెట్టుకున్న పేరు ‘గూగుల్ మ్యాప్స్ హ్యాక్స్’. బొమ్మ గీయలేదు, రంగు కలపలేదు. మ్యాప్ చేతే ఎర్రరంగు వేయించాడు. నాకైతే ఇది పెయింటింగే. క్లాసులో సగం మంది ‘మేడం, ఇది ప్రాంక్ వీడియో’ అన్నారు. మీరేమంటారు?

సందేహాల_రావు | శనివారం రాత్రి 9:31

ఇది కళ అయితే కాలింగ్ బెల్లు కొట్టి పారిపోయే మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా పెద్ద కళాకారులే మేడం. రోజూ సాయంత్రం ఉచిత ప్రదర్శన.

99 ఫోన్లు కొనే డబ్బుంటే నేను ఒకటి మంచిది కొనుక్కునేవాణ్ని.

లూప్‌లైన్ | శనివారం రాత్రి 10:02

మ్యాపుల మీద పనిచేసే కంపెనీలో (ఆ కంపెనీ కాదు) ఏడేళ్లు ఉన్నాను. ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను, తర్వాత తిట్టుకుందాం.

చాలామంది అనుకునేది, పైన శాటిలైట్ ఉండి మన రోడ్ల మీది కార్లు లెక్కపెడుతుందని. అలా కాదు. శాటిలైట్ నుంచి వచ్చే సిగ్నల్‌తో ఫోన్ తానెక్కడుందో తెలుసుకుంటుంది, అంతవరకే. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్లు తమ చోటు, వేగం కంపెనీకి పంపుతుంటాయి. పేర్లు తీసేసి, అన్నీ కలిపేసి లెక్క కడతారు. ఆ రోడ్డు మీద మామూలుగా గంటకు 40 కిలోమీటర్లు పోయే ఫోన్లు ఇవాళ 6 పోతుంటే గీత ఎర్రబడుతుంది. గూగుల్ ఇలా జనం ఫోన్లతో ట్రాఫిక్ చూపించడం 2009 నాటికే పెద్ద రోడ్ల నుంచి ఊళ్లోని రోడ్లకు వచ్చింది. 2013లో వేజ్ అనే దారి చూపే యాప్ కంపెనీని కొన్నాక డ్రైవర్లు స్వయంగా చెప్పే ‘ఇక్కడ యాక్సిడెంట్, అక్కడ గుంత’ లాంటివి కూడా చేరాయి.

అంటే మ్యాప్ చూసేది బండ్లను కాదు, ఫోన్లను. వెకర్ట్ చూపించింది ఇదే. ఒక్క ఫోన్ మెల్లగా పోతుంటే ఎవరో నడుస్తున్నారని వదిలేయొచ్చు. 99 ఫోన్లు ఒకే రోడ్డు మీద ఒకేలా పాకుతుంటే లెక్క తప్పుదారి పడుతుంది. బండి ఆపితే పని చెయ్యలేదని, కదులుతూనే ఉండాల్సి వచ్చిందని, పక్కనుంచి ఓ కారు మామూలు వేగంతో దూసుకుపోతే ఎరుపు పోయేదని ఆయనే విలేకరులతో అన్నాడు. ఇది చాలా ముద్దొచ్చే వివరం నాకు. అంత కష్టపడి కట్టిన జామ్‌ని ఒక్క కారు చెడగొట్టింది.

కానీ రావు గారి పక్షాన ఒక మాట. ఇజ్రాయెల్‌లో టెక్నియాన్ అనే ఇంజినీరింగ్ యూనివర్సిటీ విద్యార్థులు 2014లోనే వేజ్‌లో దొంగ ట్రాఫిక్ జామ్ సృష్టించారు. బండీ లేదు, తాడూ లేదు, లేని ఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో పుట్టించారు. టెక్నికల్‌గా వాళ్లది గొప్ప పని. మరి వాళ్లని ఎవరూ ఆర్టిస్టులు అనలేదే?

సందేహాల_రావు | శనివారం రాత్రి 10:09

చూశారా. నా మాట నిజమని ఇంజినీరు చెప్పాడు.

లూప్‌లైన్ | శనివారం రాత్రి 10:11

సగం చెప్పాను సార్. మిగతా సగం ఇంకా తేలలేదు.

స్ప్రీ_ఒడ్డున | శనివారం రాత్రి 11:48

బెర్లిన్ నుంచి. ఇక్కడ ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు, భోజనం అయ్యి కూర్చున్నాను.

ఈ ఆలోచన ఆయనకు ఎక్కడ తట్టిందో తెలిస్తే రావు గారు కాస్త మెత్తబడతారేమో. మే డే నాడు ఇక్కడ పెద్ద ప్రదర్శనలు జరుగుతాయి. వీధులన్నీ జనంతో నిండిపోతాయి, కార్లు ఉండవు. అలాంటి ఒక ప్రదర్శనలో ఆయన ఫోన్ తీసి చూస్తే మ్యాప్‌లో ఆ వీధి ఎర్రగా ఉంది. ట్రాఫిక్ జామ్ అట! ఉన్నవాళ్లు మనుషులు, చేతుల్లో జెండాలు, జేబుల్లో ఫోన్లు. మ్యాప్‌కి అది ప్రదర్శన కాదు, అడ్డంకి.

నేను వచ్చిన కొత్తలో ఈ మే డే చూసి మా ఊరి జాతర గుర్తొచ్చింది. సాసేజ్‌ల పొగ తప్ప మిగతాదంతా అదే.

మాస్టారు_జాగ్రఫీ | ఆదివారం ఉదయం 5:50

తెల్లవారుజామునే లేచే అలవాటు. రాత్రి జరిగినదంతా ఇప్పుడు చదివాను.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు మ్యాపులు నేర్పాను. మొదటి రోజు చెప్పే మాట ఒకటే. మ్యాప్ చూడగానే ‘ఇందులో ఏముంది’ అని కాదురా, ‘ఇది ఎవరికోసం గీశారు’ అని అడగండి.

1908లో మూసీ వరద వచ్చి హైదరాబాద్‌లో వేల ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత 1910లలో లియోనార్డ్ మన్ అనే ఇంగ్లిషు ఇంజినీరు ఆధ్వర్యంలో నగరం మొత్తం కొలిచి మ్యాపులు గీశారు. ఇళ్లు, గల్లీలు, బావులు, చెట్లు కూడా వేశారు వాటిల్లో. ఎందుకు? నగరాన్ని మళ్లీ కట్టాలి, డ్రైనేజీలు వెయ్యాలి. అవి ఉన్నవాటిని గుర్తించిన మ్యాపులు. పాత నగరం మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటారు. మరి ఇప్పుడు మన చేతిలో ఉన్న మ్యాప్ ఎవరి కోసం? బండి మీద వెళ్లేవాడి కోసం. తొందరలో ఉన్నవాడి కోసం. ఏదైనా కొనబోతున్నవాడి కోసం. అందుకే దాంట్లో మా వీధి చివర వేపచెట్టు ఉండదు, దాని ఎదురుగా పెట్టిన కేకుల షాపు మాత్రం ఫొటోలతో సహా ఉంటుంది.

నేను దీన్ని తప్పనడం లేదు. కేకుల షాపు నాకూ కావాలి, మనవరాలు ఊరుకోదు.

ఆ జర్మనీ అబ్బాయి చేసింది మంచి పాఠం. కళ అవునో కాదో నాకు తెలీదు, పాఠం మాత్రం అవును.

వార్డు_నంబర్_7 | ఆదివారం ఉదయం 8:20

నేను నర్సుని. అందరూ ముచ్చట పడుతున్నారు కాబట్టి నేను కాస్త చేదు మాట చెప్తాను. ఆ ఎర్రగీత చూసి ఏ అంబులెన్స్ డ్రైవరైనా చుట్టూ తిరిగి వెళ్లి ఉంటే? మా దగ్గర డ్రైవర్లు కూడా ఈ మధ్య ఫోన్ చూసే వెళ్తున్నారు. పది నిమిషాలు మాకు చాలా ఎక్కువ. కళ కోసం అబద్ధపు జామ్ పెట్టడం నాకు నచ్చలేదు. మ్యూజియంలో చేసుకోవచ్చు కదా.

లూప్‌లైన్ | ఆదివారం ఉదయం 9:05

» కళ కోసం అబద్ధపు జామ్

మంచి ప్రశ్న, దాటేయకూడదు. ఆయన ఖాళీ వీధుల్లో, కొద్దిసేపే చేశాడు. అయినా ఎవరో ఒకరు దారి మార్చుకునే ఉంటారు. అది నిజం. వీధి మాత్రం మరింత ఖాళీ అయ్యి ఉంటుంది, జనమంతా పక్క వీధిలోకి వెళ్లి ఉంటారు. పక్క వీధివాళ్లకే నష్టం.

అయితే మ్యామ్, రోజూ జరిగేది కూడా అదే కదా. మెయిన్ రోడ్డు ఎర్రబడగానే యాప్ అందరినీ ఒకే పక్క వీధిలోకి తోస్తుంది. ఆ వీధివాళ్లని ఎవరూ అడగరు. తేడా ఏంటంటే, ఒకటి ఆర్టిస్టు చేశాడు కాబట్టి మనకు పేరు తెలుసు.

ఎడిసన్_అత్తయ్య | ఆదివారం ఉదయం 9:40

న్యూజెర్సీలో రాత్రి పన్నెండు దాటింది, నిద్ర పట్టక చూస్తుంటే నా సబ్జెక్టే కనిపించింది.

ఇక్కడ లియోనియా అని చిన్న ఊరు. న్యూయార్క్ వెళ్లే జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర ఉంటుంది. బ్రిడ్జి మీద జామ్ అయితే చాలు, యాప్‌లన్నీ కార్లని ఆ ఊరి ఇళ్ల మధ్య సందుల్లోకి పంపేవి. పొద్దున్నే ఇంట్లోంచి కారు బయటికి తియ్యడానికి ఉండేది కాదట జనానికి. చివరికి 2018 జనవరిలో ఊరివాళ్లు ఏకంగా 60 వీధులు రద్దీ వేళల్లో బయటివాళ్లకి మూసేశారు. వస్తే 200 డాలర్ల ఫైన్. స్థానికులకి కారులో తగిలించుకునే పసుపు ట్యాగ్ ఇచ్చారు. తర్వాత ఎవరో కేసు వేస్తే ఆ రూలు కోర్టులో దెబ్బ తింది. నేను చెప్పొచ్చేది ఏంటంటే అబ్బాయ్, ఆ యాప్ కోడ్ రాసినవాడికి సందు అంటే ‘ఖాళీగా ఉన్న రోడ్డు’. ఆ సందులో సైకిల్ నేర్చుకునే పిల్లాడు వాడి లెక్కలోకి రాడు.

మేరీలాండ్‌లో ఒక ఊరివాళ్లయితే యాప్‌లోకి వెళ్లి తమ వీధిలో యాక్సిడెంట్ అయిందని దొంగ రిపోర్టులు పెట్టేవాళ్లు, కార్లు రాకుండా. వాళ్లేమీ ఆర్టిస్టులు కారు, మామూలు సంసారులు. పాపం, కొన్నాళ్లకి యాప్‌వాళ్లు పట్టుకున్నారు.

రెండుచక్రాలు | ఆదివారం మధ్యాహ్నం 3:25

అన్నలకు, అక్కలకు నమస్తే. ఇప్పుడే లంచ్ ఆర్డర్లు అయిపోయినయి. కూకట్‌పల్లిలో డెలివరీ చేస్తాను.

మీరు మాట్లాడేదంతా మాకు రోజూ ఉండేదే. నేను ఆర్డర్ తీసుకోగానే మ్యాప్ లెక్కతో టైమ్ వస్తది. కస్టమర్‌కి కూడా అదే కనిపిస్తది. గేటెడ్ కమ్యూనిటీ లోపల గేటు నుంచి ఫ్లాట్ దాకా నడిచేది, రిజిస్టర్‌లో పేరు రాసేది, వేరే లిఫ్ట్ వాడాలని చెప్పేది, ఇవేవీ మ్యాప్‌లో లేవు. ‘ఎక్కడున్నావు, ఇక్కడే చుక్క తిరుగుతోంది’ అంటారు. అన్నా, చుక్క గేటు దాటింది, నేను దాటలేదు.

ఒక సంగతి గమనించాను. ఒక పెద్ద హోటల్ ముందు మేం ఇరవై ముప్పై మందిమి నిలబడి ఉంటాం. ఒక్కొక్కడి దగ్గర రెండు ఫోన్లు. రోడ్డు మాత్రం ఫ్రీగానే ఉంటది. ఆ జర్మనీ అన్న బండి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మేం రోజూ ఆ బండిలో ఉన్నవాళ్లమే.

రంగుల_టీచర్ | ఆదివారం మధ్యాహ్నం 3:41

తమ్ముడూ, ‘చుక్క గేటు దాటింది, నేను దాటలేదు’. ఈ వాక్యాన్ని రేపు క్లాసులో బోర్డు మీద రాస్తాను, అభ్యంతరం లేకపోతే.

రెండుచక్రాలు | ఆదివారం మధ్యాహ్నం 3:44

రాయండి మేడం. రేటింగ్ మాత్రం ఫైవ్ స్టార్ ఇవ్వాలి.

లూప్‌లైన్ | ఆదివారం సాయంత్రం 4:30

రైడర్ తమ్ముడికి ఒక కథ. 2020లో అమెరికాలోని షికాగో దగ్గర అమెజాన్ డెలివరీ చేసే డ్రైవర్లు కొందరు చెట్లకి ఫోన్లు వేలాడదీశారు. నిజంగా చెట్లకే. షాపుకి ఎవరి ఫోన్ దగ్గరగా ఉంటే వాళ్లకి ముందు ఆర్డర్ పడుతుందని వాళ్ల నమ్మకం. కారు పార్కింగ్‌లో ఉన్నా, చెట్టు మీది ఫోన్ తలుపు పక్కనే ఉన్నట్టు లెక్క. బ్లూమ్‌బర్గ్ ఆ సెప్టెంబర్‌లో ఈ వార్త రాసింది.

ఆర్టిస్టు ఫోన్లని బండిలో పెట్టాడు ఫిబ్రవరిలో. డ్రైవర్లు చెట్టుకి కట్టారు అదే ఏడాది. ఒకరి పని గ్యాలరీకి వెళ్లింది, ఇంకొకరిది ‘సిస్టమ్‌ని మోసం చేస్తున్నారు’ అనే వార్త అయింది. ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటే, లెక్కలో ఉన్నది నేను కాదు, నా ఫోన్ అని.

సందేహాల_రావు | ఆదివారం సాయంత్రం 5:15

చెట్టుకి కట్టినవాడిది ఆకలి. అది నాకు అర్థమవుతుంది. బండి లాగినవాడిది కందకు లేని దురద.

ఇంకో సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఆ వీడియో పెట్టింది ఎక్కడ? యూట్యూబ్‌లో. యూట్యూబ్ ఎవరిది? గూగుల్‌దే! వాళ్లని విమర్శిస్తూ వీడియో చేసి, వాళ్ల దుకాణంలోనే పెట్టి, వాళ్ల అల్గారిథమ్ తోస్తేనే మనదాకా వచ్చింది. కంపెనీకి కోపం వచ్చిందా? రాలేదు. ఒక జోకు వేసి ఊరుకున్నారు. ఇలాంటి విమర్శని ఏ షావుకారైనా సంతోషంగా భరిస్తాడు.

స్ప్రీ_ఒడ్డున | ఆదివారం సాయంత్రం 6:02

రావు గారూ, ఈసారి మీ దెబ్బ గట్టిదే.

జోకు సంగతి చెప్తాను, అందులో మన ప్రస్తావన కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన సమాధానం సారాంశం ఏంటంటే, కారు మీదైనా, బండి మీదైనా, ఒంటె మీదైనా మ్యాప్స్‌ని ఇలా వాడటం మాకు ఇష్టమే, దానివల్ల మ్యాప్స్ ఇంకా మెరుగవుతాయి. భారత్, ఇండోనేషియా, ఈజిప్టు లాంటి కొన్ని దేశాల్లో కార్లనీ మోటార్‌సైకిళ్లనీ వేరుగా గుర్తుపట్టడం వచ్చింది, చేతిబండి ప్రయాణం మాత్రం ఇంకా పట్టుబడలేదు, అన్నారు.

తెలివైన జవాబు. విమర్శని మెచ్చుకుని జేబులో వేసుకోవడం.

మాస్టారు_జాగ్రఫీ | ఆదివారం సాయంత్రం 6:20

మోటార్‌సైకిల్ మోడ్ ముందుగా మన దేశంలోనే పెట్టారు, 2017 డిసెంబర్‌లో. మా అల్లుడు ఆ వారమే నాకు చూపించాడు. మన రోడ్లు వాళ్లకి కొంత నేర్పాయన్నమాట.

కానీ ‘చేతిబండి ఇంకా పట్టుబడలేదు’ అన్నది వాళ్లకి జోకు. మనకి జోకా? తోపుడు బండి లేని బజారు మన ఊళ్లలో ఏదైనా ఉందా?

రంగుల_టీచర్ | ఆదివారం రాత్రి 8:10

మాస్టారూ, నేను రెండు రోజులుగా పట్టుకోలేకపోతున్న మాట మీరు పట్టారు.

బెర్లిన్‌లో ఆ ఎర్ర బండి రోడ్డుకి అడ్డం కాదు. అయినా మ్యాప్‌లో జామ్ అయింది, 99 ఫోన్లు ఉన్నాయి కాబట్టి. మా వీధి మొదట్లో ఉల్లిగడ్డల బండి పెట్టే ఆయన నిజంగానే సగం రోడ్డు ఆక్రమిస్తాడు. ఆయన చుట్టూ నలుగురు, వాళ్ల స్కూటర్లు, బేరాలు. వెనకాల కార్లు హారన్లు. ఆయన దగ్గర ఒక్క ఫోన్, అదీ సంచీలో. మ్యాప్‌కి ఆయన లేడు. ఆయనవల్ల ఆగిన కార్లు మాత్రమే ఉన్నాయి. సాయంత్రం కార్లు లేని వేళ, ఆయన అక్కడే ఉన్నా, మ్యాప్‌లో ఆ చోటు పచ్చగానే ఉంటుంది.

లూప్‌లైన్ గారూ, టెక్నియాన్ విద్యార్థులకీ వెకర్ట్‌కీ తేడా అడిగారు కదా. వాళ్లు మెషీన్ని మోసం చెయ్యొచ్చని చూపించారు, తెర లోపలే. ఈయన రోడ్డు మీదికి వచ్చి నడిచాడు. కాళ్లు నొప్పి పుట్టేలా. ఎదురుగా వచ్చేవాళ్లు చూసేలా. చేతిబండిని ఎంచుకోవడం ఊరికే కాదని నాకు అనిపిస్తుంది. మ్యాప్‌కి అస్సలు కనపడని వాహనం ఏదో దాన్నే పట్టుకున్నాడు. అదే పని బీఎండబ్ల్యూ డిక్కీలో ఫోన్లు వేసుకుని చేసి ఉంటే నేను మీకు ఈ పోస్టు పెట్టేదాన్ని కాదు.

లూప్‌లైన్ | ఆదివారం రాత్రి 8:34

ఒప్పుకుంటున్నాను. మేం ఆఫీసులో దీన్ని ‘నాయిస్’ అంటాం. నడిచేవాళ్లు, ఆగినవాళ్లు, గుంపులు, అన్నీ నాయిస్. తీసేస్తేనే లెక్క శుభ్రం.

ఈ నాయిస్ ఎంత మాట్లాడుతుందో ఇంకో ఉదాహరణ. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున మూడుంపావుకి, అమెరికాలో ఆయుధాల వ్యాప్తి మీద పరిశోధించే జెఫ్రీ లూయిస్ బృందం గూగుల్ మ్యాప్స్‌లో ఒక ఎర్రగీత చూసింది. రష్యాలోని బెల్గొరోద్ నుంచి ఉక్రెయిన్ సరిహద్దు వైపు వెళ్లే రోడ్డు మీద, ఆ వేళప్పుడు ట్రాఫిక్ జామ్! యుద్ధం మొదలైందని అధికారికంగా ఎవరూ చెప్పకముందు. అయితే ఆ ఎరుపు సైనికుల ఫోన్లది కాకపోవచ్చని వాళ్లే అన్నారు. సైన్యం రోడ్డు మూస్తే ఆగిపోయిన మామూలు జనం ఫోన్లవి అయ్యుంటాయని. ట్యాంకు కనపడలేదు, ట్యాంకు వల్ల ఆగిపోయిన జనం కనపడ్డారు. కొద్ది రోజులకే గూగుల్ ఉక్రెయిన్‌లో ఆ లైవ్ ట్రాఫిక్ చూపించడం ఆపేసింది.

మీ ఉల్లిగడ్డల బండి కథ చదవగానే ఇదే గుర్తొచ్చింది. పోలిక కాస్త దూరమైనదే, తెలుసు.

వార్డు_నంబర్_7 | ఆదివారం రాత్రి 9:00

ఇది విన్నాక నా అంబులెన్స్ అభ్యంతరం పోలేదు గానీ, పక్కన ఇంకో ప్రశ్న చేరింది. మా డ్రైవర్లలో ఒక పెద్దాయన ఫోన్ చూడడు. శుక్రవారం ఎక్కడ నమాజు రద్దీ, మంగళవారం ఏ గుడి దగ్గర క్యూ, ఏ కాలేజీ ఎప్పుడు వదులుతారు, అన్నీ నోటికి. వచ్చే ఏడాది రిటైర్ అవుతాడు. ఆ మ్యాప్ ఎక్కడికి పోతుంది?

సందేహాల_రావు | ఆదివారం రాత్రి 9:12

ఈ ప్రశ్నకి నా దగ్గర కూడా వెటకారం లేదమ్మా.

రంగుల_టీచర్ | ఆదివారం రాత్రి 10:05

రావు గారు కాస్త మెత్తబడ్డారు కాబట్టి ఇంకొకటి వదులుతాను. 2017లో జేమ్స్ బ్రిడిల్ అనే ఆర్టిస్టు గ్రీసులో, పార్నసస్ కొండ మీద ఒక కారు చుట్టూ ఉప్పుతో రెండు వలయాలు గీసి ఫొటో తీసి, ‘అటానమస్ ట్రాప్ 001’ అని పేరు పెట్టి ప్రచురించిన పని ఇది. బయటి వలయం తెగిన గీతలు, లోపలిది తెగని గీత. రోడ్డు రూల్స్ ప్రకారం తెగిన గీత మీ వైపు ఉంటే దాటొచ్చు, తెగని గీత మీ వైపు ఉంటే దాటకూడదు. రూల్స్ తు.చ. తప్పకుండా పాటించే డ్రైవర్ లేని కారు లోపలికి వస్తుంది, ఇక బయటికి పోలేదు.

మన ఆడవాళ్లు ఇది చూస్తే రెండు మాటలు అంటారు. ఒకటి, ఇది ముగ్గు. రెండు, ఉప్పుతో దిష్టి తియ్యాలి గానీ ఇలా నేలపాలు చేస్తారా అని.

సందేహాల_రావు | ఆదివారం రాత్రి 10:17

ఇది బాగుంది! ఖర్చు కిలో ఉప్పు. ఎవరికీ ఇబ్బంది లేదు. లక్ష్మణరేఖకి రివర్స్ గేరు. అక్కడ దాటితే ప్రమాదం, ఇక్కడ దాటలేకపోవడం ప్రమాదం.

మా బామ్మ ఉంటే ఆ కారు చుట్టూ నాలుగు చుక్కలు, ఒక పద్మం కూడా వేసేది.

రెండుచక్రాలు | ఆదివారం రాత్రి 11:50

డిన్నర్ రష్ అయిపోయింది. సార్, ఆ కారు మన హైదరాబాద్‌లో ఉంటే గీత చూడకుండా దాటేస్తది. ముందుగా మన గీతలు కనపడాలి కదా.

మోడరేటర్ | సోమవారం ఉదయం 7:30

రాత్రి ఇద్దరు సభ్యులు ‘ఇంజినీర్లు వర్సెస్ కళాకారులు’ అని మొదలుపెట్టి ఒకరి చదువులు ఒకరు తవ్వుకున్నారు. ఆ ఆరు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ చక్కగా ఉంది, అలాగే సాగించండి.

ఎడిసన్_అత్తయ్య | సోమవారం ఉదయం 8:15

టీచరమ్మా, మీ పిల్లల సంగతి చెప్పలేదు. ఆ రెండు వర్గాలు ఏమయ్యాయి?

రంగుల_టీచర్ | గురువారం రాత్రి 9:30

అత్తయ్య గారూ, ఆలస్యానికి మన్నించండి. ఇవాళ్టిదాకా ఆగి రాయాలనుకున్నాను, ఎందుకంటే ఇవాళ మా కాలేజీ వెనక సందులో వారపు సంత.

తీర్పు చెప్పమంటే చెప్పలేదు పిల్లలకి. ఫోన్లు నా బల్ల మీద పెట్టించి, కాగితం, పెన్ను, పెన్సిల్ ఇచ్చి సంతకి తీసుకెళ్లాను. కనపడినవన్నీ పెట్టి ఈ సందుకి మ్యాప్ గీయండి అన్నాను. రెండు గంటలు పట్టింది. ఒకడు నేల మీద నీళ్లు నిలిచే చోట్లన్నీ వేశాడు. ఒకమ్మాయి వాసనలు రాసింది, ఎండుచేపల దగ్గర కాస్త పెద్ద అక్షరాల్లో. ప్రాంక్ అన్న వర్గం పిల్లాడు ఒకడు ఎవరు ఎవరికి చిల్లర ఇస్తారో బాణాలు గీశాడు. పూలమ్మ అందరికీ చిల్లరిచ్చే బ్యాంకు అని అప్పుడే తెలిసింది నాకు, అక్కడే ఆరేళ్లుగా కూరగాయలు కొంటున్నా.

తిరిగొచ్చాక ఫోన్ తీసి ఆ సందుని మ్యాప్‌లో చూశాం. కనీసం మూడొందల మంది ఉన్నారు అందులో. పచ్చగా ఉంటుందా ఎర్రగా ఉంటుందా అని పందెం కాసుకున్నారు పిల్లలు. ఏ రంగూ లేదు. సన్నటి బూడిదరంగు గీత, అంతే.

లూప్‌లైన్ | గురువారం రాత్రి 9:52

చిన్న సందులకి సాధారణంగా రంగు వెయ్యరు మ్యామ్, కార్లు తిరగవు కాబట్టి. పందెం ఎవరూ గెలవలేదన్నమాట.

ఆ బొమ్మలు ఇక్కడ పెట్టండి.

రంగుల_టీచర్ | గురువారం రాత్రి 9:58

పిల్లల్ని అడిగి పెడతాను.

రెండుచక్రాలు | గురువారం రాత్రి 11:35

మేడం, ఆ సంతలో మిర్చిబజ్జీల బండి ఉంటది కదా, తెల్ల గొడుగుది. నేను ఆ దారినే పోతా. అది మ్యాప్‌లో ఎక్కడ పెట్టారు పిల్లలు?

రంగుల_టీచర్ | గురువారం రాత్రి 11:41

అదే పెద్ద గొడవ అయింది తమ్ముడూ. వాళ్లు గీసే రెండు గంటల్లో ఆయన మూడుసార్లు చోటు మార్చాడు. అందరూ పెన్నుతో గీశారు గానీ, ఆ బండి ఒక్కటీ పెన్సిల్‌తోనే ఉంది.